ఆచారం – చట్టం

సిరొంచ దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఈవలి ఒడ్డున సిరొంచ, ఆవలి ఒడ్డున కాళేశ్వరం. రెండు ఒడ్డులలోను ఎన్నో ఇళ్ళలో వినిపించేది తెలుగే. ఈ ఒడ్డు అమ్మాయి ఆ ఒడ్డు ఇంటికి కోడలుగా వెళుతుంది. ఆ ఒడ్డు మేనత్త ఈ ఒడ్డు పెళ్ళికి పసుపుకుంకుమలు పట్టుకొని వస్తుంది. పండుగలు, పురుళ్ళు, పెళ్ళిళ్ళు, కర్మకాండలు – వీటిలో పాటించే పద్ధతులు ఇరువైపులా దాదాపు ఒక్కటే. పూర్వం పడవల మీద సాగిన ఈ రాకపోకలు ఇప్పుడు వంతెనల మీద సాగుతున్నాయి.

ప్రభుత్వం మాత్రం ఇరువైపులా ఒకటి కాదు. 1860లో నిజాంతో కుదిరిన ఒప్పందం ప్రకారం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు బ్రిటిష్ వారి చేతికి వచ్చాయి. సిరొంచ కొంతకాలం ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండి, 1874లో చాందా జిల్లాలో చేరింది. ఆవలి ఒడ్డు 1948 వరకు నిజాం రాజ్యంలోనే ఉన్నది. 1956లో సిరొంచ ప్రాంతం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. ఆవలి ఒడ్డు 1956లో ఆంధ్రప్రదేశ్‌లో, 2014లో తెలంగాణలో భాగమయింది. ఇలా నూట అరవై ఏళ్ళకు పైగా ఈ నది రెండు ప్రభుత్వాల మధ్య హద్దుగా ఉంటూ వచ్చింది. ప్రభుత్వాలు చేసే చట్టం ఆ హద్దు దగ్గర ఆగిపోతుంది. ఆచారం మాత్రం ఆగదు. చుట్టరికంతో పాటు అది కూడా నది దాటుతుంది.

అందువల్ల ఒక పాత ప్రశ్న ఈ సరిహద్దులో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సంఘంలోని ఆచారాలను సంస్కరించే బాధ్యత ఎవరిది? ప్రభుత్వానిదా, ప్రజలదా? "ఆచారం ఇంటి విషయం, కులం విషయం, సర్కారుకు దానితో పనేమిటి?" అని కొందరంటారు. "గట్టి చట్టం ఒకటి చేసి నలుగురిని జైలులో పెడితే దురాచారం దానంతట అదే పోతుంది" అని మరికొందరంటారు. రెండు వాదాలలోను కొంత నిజం ఉన్నది. అయితే రెండూ ఒక మనిషిని మరచిపోతున్నాయి. ఆచారం వల్ల బాధపడుతూ, దానిని కాదనడానికి భయపడుతున్న మనిషే ఆ మరపుకు గురైన మనిషి.

ముందుగా ఆచారాలన్నీ ఒక్క తీరువి కావని గుర్తించాలి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు జరిగినప్పుడు ఇరు ఒడ్డులలోను జనం పుణ్యస్నానాలు చేశారు. రెండేళ్ళకొకసారి జరిగే మేడారం సమ్మక్క–సారలమ్మ జాతరకు తెలంగాణనుంచే కాక మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవులనుంచి కూడా భక్తులు వెళతారు. బతుకమ్మను పేర్చి ఆడేవారికి ఏ సరిహద్దూ అడ్డు రాదు. ఇటువంటి చోట్ల ప్రభుత్వం చేయవలసింది స్నానఘట్టాలు కట్టడం, తాగునీరు, వైద్యం, రహదారి ఏర్పాటు చేయడం. అంతకు మించి జోక్యం అక్కరలేదు. మంచి ఆచారం జాతికి జ్ఞాపకశక్తి వంటిది. దానిని తుడిచివేసే హక్కు ఎవరికీ లేదు.

కాని అన్ని ఆచారాలూ ఇంత నిరపాయమైనవి కావు. అందుచేత ఒక గీటురాయి కావాలి. ఏ ఆచారాన్ని గురించి అయినా రెండు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఈ ఆచారం వల్ల ఎవరికైనా హాని కలుగుతున్నదా? హాని పొందేవారికి 'వద్దు' అనే అవకాశం ఉన్నదా? హాని జరుగుతున్నది, కాదనే అవకాశం కూడా లేదు అన్నప్పుడు ప్రభుత్వం చూస్తూ ఊరుకోవడం ధర్మం కాదు. ఎనిమిదేళ్ళ పిల్ల మెడలో తాళి పడినప్పుడు 'వద్దు' అనే శక్తి ఆ పిల్లకు లేదు. ఆమె తరఫున ఎవరో ఒకరు ఆ మాట అనాలి. ఇంటివారే ఆ పెళ్ళి చేస్తున్నప్పుడు ఆ 'ఎవరో ఒకరు' ప్రభుత్వమే కావలసి వస్తుంది.

భారతదేశంలో ప్రభుత్వం ఇటువంటి పనికి పూనుకొన్న మొదటి సందర్భాలలో ముఖ్యమైనది సతీసహగమన నిషేధం. రామమోహన రాయ్ వంటి సంస్కర్తల కృషి వెనుక ఉండగా 1829లో ఆ శాసనం వచ్చింది. తరువాత ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పట్టుదల వల్ల 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. ఆ చట్టం ఎవరినీ బలవంతపెట్టలేదు. పెళ్ళి చేసుకోదలచిన వితంతువుకు దారి తెరిచింది. ఆమెకు పుట్టే బిడ్డలకు న్యాయమైన వారసత్వం కల్పించింది. అయితే తెరిచిన దారిలో నడిచేవారు కావాలి కదా! రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. చట్టం వచ్చిన తరువాత పాతికేళ్ళు గడిచాయి. ఆ పాతికేళ్ళూ చట్టం పుస్తకంలో ఉన్నది, వితంతువు ఇంటి మూలన ఉన్నది.

దీనికి కారణమేమిటి? జైలు భయం కాదు, వెలి భయం. పంతులుగారిని, ఆయనతో కలిసి నడిచినవారిని వెలివేశారు. వంటవారు రామన్నారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరినుంచి నీళ్ళు మోసి, పెళ్ళివారికి వంట చేసి పెట్టారు. సిరొంచ దగ్గర ప్రాణహిత నీళ్ళను కలుపుకొని పారే ఆ గోదావరే రాజమహేంద్రవరం చేరి ఆమె బిందె నింపింది. ఆ బిందె మోసే చేతులు లేకపోతే 1856 నాటి చట్టం ఇంకెన్నాళ్ళు ఎదురు చూసేదో చెప్పలేము. అదే విధంగా, ఆ చట్టం లేకపోతే ఆ పెళ్ళికి న్యాయస్థానంలో విలువే ఉండేది కాదు. ఈ రెండూ కలిసినప్పుడే పని జరిగింది.

మహారాష్ట్ర చరిత్రలోను ఇటువంటి ఉదాహరణ ఉన్నది. ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు అస్పృశ్యులని పిలువబడేవారికి కూడా తెరవాలని 1923లో బొంబాయి శాసనసభ తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం తన చవదార్ చెరువు విషయంలో ఆ తీర్మానాన్ని అంగీకరించింది. అయినా భయం వల్ల ఎవరూ ఆ నీటిని తాకలేకపోయారు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీరు తాగారు. ఆ నీరు తాగినందుకు వారిమీద దాడి జరిగింది. చెరువు కేసు న్యాయస్థానాలకు ఎక్కి, 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుతో వారి హక్కు నిలిచింది. కాగితం మీద హక్కు రావడం ఒక మెట్టు. ఆ హక్కును వాడుకొన్నవారికి రక్షణ దొరకడం రెండవ మెట్టు. ప్రభుత్వాలు తరచుగా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

బాల్యవివాహాల చరిత్ర ఈ విషయాన్ని మరింత వివరంగా చెబుతుంది. 1891లో ఆంగ్ల ప్రభుత్వం భార్యల వయఃపరిమితిని పదినుంచి పన్నెండేళ్ళకు పెంచే బిల్లు తెచ్చినప్పుడు పూనాలో పెద్ద వాదోపవాదాలు జరిగాయి. పరప్రభుత్వం మన ఆచారాలలో వేలు పెట్టరాదని, సంస్కరణ ప్రజలనుంచే రావాలని బాలగంగాధర తిలక్ వాదించారు. పిల్లల ప్రాణానికి సంబంధించిన విషయంలో చట్టం సాయం తీసుకోవడం తప్పు కాదని గోపాల్ గణేశ్ అగర్కర్ వాదించారు. తిలక్ వాదంలో ఆనాడు కొంత బలం ఉన్నది, పాలకులు పరాయివారు. నేటి పాలకులు ప్రజలు ఎన్నుకొన్నవారు. కాబట్టి 'సర్కారుకేం పని' అనే మాటకు ఆనాటి బలం ఈనాడు లేదు. ప్రభుత్వమంటే ఓటు వేసిన ప్రజలే. అయితే సంస్కరణ ప్రజల మనసులో వేళ్ళూనాలన్న తిలక్ మాట మాత్రం నేటికీ కొట్టివేయదగినది కాదు.

1929లో హరవిలాస్ శారదా కృషితో బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏళ్ళు నిండాలన్నారు. 1930 ఏప్రిల్ 1నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ తేదీ లోపలే పెళ్ళిళ్ళు జరిపించేయాలని దేశమంతటా తొందరపడ్డారని 1931 జనాభా లెక్కలు గుర్తించాయి. పైగా ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకే వర్తించేది. సిరొంచ బ్రిటిష్ వారి మధ్యపరగణాలలో ఉన్నది కాబట్టి ఇక్కడ చట్టం ఉన్నది. ఆవలి ఒడ్డు నిజాం రాజ్యం కాబట్టి అక్కడ ఆ చట్టం లేదు. ఒకే నీటికి ఇటువైపు నేరమైనది అటువైపు నేరం కాదు! ఇదే గోదావరి దిగువన యానాం ఫ్రెంచివారి పాలనలో ఉండేది. చుట్టుపక్కల జిల్లాలవారు చంటిపిల్లలను ఎత్తుకొని అక్కడికి పోయి పెళ్ళిళ్ళు చేసుకొని వచ్చేవారు. దానితో యానానికి కల్యాణపురమన్న పేరే వచ్చింది. చట్టం సరిహద్దు దాటలేదు. ఆచారం బండి కట్టుకొని దాటింది.

ఆ చట్టంలో లోపాలు కూడా ఉన్నాయి. ఫిర్యాదు చేసిన మనిషినుంచే నూరు రూపాయల వరకు పూచీకత్తు రాయించుకొనే అధికారం అప్పట్లో న్యాయస్థానానికి ఉండేది. ఊరిలో అందరికీ విరోధి కావడమే కాక, చేతి సొమ్ముకు కూడా హామీ ఇవ్వాలంటే ఎవరు ముందుకు వస్తారు? చట్టం దురాచారం చేసేవారిని బెదిరించడానికి ప్రయత్నించింది గాని, దానిని అడ్డుకొనేవారికి అండగా నిలవలేదు. అందుకే దాని ఫలితం స్వల్పంగా ఉండిపోయింది.

తరువాతి చట్టాలు ఈ పాఠం కొంత నేర్చుకొన్నాయి. 1978లో వయస్సు ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21గా పెరిగింది. 2006లో వచ్చిన బాల్యవివాహ నిషేధ చట్టం, చిన్నతనంలో పెళ్ళి చేయబడినవారు మేజరయిన రెండేళ్ళలోపు ఆ పెళ్ళిని రద్దు చేయమని కోరే హక్కు ఇచ్చింది. పెళ్ళిళ్ళు ఆపడానికి ప్రత్యేక అధికారులను నియమించమన్నది. ఇప్పుడు చట్టం ఇరు ఒడ్డులకూ ఒక్కటే. ఆపదలో ఉన్న పిల్లలు పిలవవలసిన 1098 అనే ఫోన్ నంబరు కూడా ఇరు ఒడ్డులకూ ఒక్కటే. అయినా ఒక ఒడ్డున అధికారి ఆపిన పెళ్ళిని రెండవ ఒడ్డున చుట్టాల ఇంట్లో జరిపించడం అసాధ్యం కాదు. ఇద్దరు కలెక్టర్ల మధ్య, రెండు పోలీసు ఠాణాల మధ్య ఒక మాట వేగంగా నడవకపోతే నది మళ్ళీ ఆచారానికే తోడ్పడుతుంది.

అయినా మార్పు రాలేదనడం సరికాదు. 20నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిదేళ్ళలోపే పెళ్ళయినవారు దేశంలో 2005–06లో 47.4 శాతం ఉండగా, 2019–21 నాటికి 23.3 శాతానికి తగ్గారు. ఆ సర్వే ప్రకారం మహారాష్ట్రలో 21.9 శాతం, తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. ఈ తగ్గుదలను కేవలం శిక్షల భయానికి ముడిపెట్టలేము. ఊరికి బడి వచ్చింది. బడికి పోవడానికి బస్సు వచ్చింది. దూరపు పిల్లలకు వసతిగృహం వచ్చింది. పదవ తరగతి చదువుతున్న పిల్లకు పెళ్ళి తలపెట్టడానికి తల్లిదండ్రులే వెనుకాడతారు. ఇదంతా ప్రభుత్వం చేసిన పనే. అయితే కర్రతో చేసిన పని కాదు. ఇంకా నాలుగింట ఒక వంతుకు దగ్గరగా పిల్లలు మిగిలి ఉన్నారన్న సంగతి మాత్రం ఎవరూ మరవరాదు.

ఆస్తి విషయంలోను ఈ నది చాలాకాలం గీత గీసింది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5నుంచి ఇచ్చింది. మహారాష్ట్రలో అది 1994 జూన్ 22నుంచి వచ్చింది. ఆ తొమ్మిదేళ్ళలో ఒకే వంశపు అక్కచెల్లెళ్ళలో ఆవలి ఒడ్డు ఆమెకు హక్కు ఉన్నది, ఈవలి ఒడ్డు ఆమెకు లేదు. 2005లో దేశమంతటా ఒకే నియమం వచ్చింది. అయినా పుట్టింటి పొలంలో వాటా అడిగిన ఆడపడుచును 'అన్నదమ్ములతో పేచీ పెట్టుకొన్నది' అని ఆక్షేపించే అలవాటు పోలేదు. చట్టం వాటా ఇచ్చింది. అడగగలిగే ధైర్యాన్ని, అడిగినందుకు చిన్నచూపు చూడని సంఘాన్ని ఇంకా సంపాదించవలసి ఉన్నది.

ప్రజలే ముందు నడచి ప్రభుత్వాన్ని వెంట తీసుకుపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. పెళ్ళికీ చావుకూ సారా పోయడం మర్యాదగా చెలామణి అయిన రోజులలో, ఆ మర్యాద ఖర్చు ఆడవారి కూలి డబ్బులోనుంచి వెళ్ళేది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. దానిని చదివిన దూబగుంట స్త్రీలు 1992లో తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1993 అక్టోబరు 1నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. అదే 1993లో, అంతకు ముందు కొన్నేళ్ళుగా సాగిన ప్రజా ఉద్యమం ఫలితంగా గడ్చిరోలి జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. ఒకే సంవత్సరంలో నదికి ఇరువైపులా ప్రజల కోరికకు ప్రభుత్వాలు తల వంచాయి.

తరువాతి కథ కూడా చెప్పుకోవలసిందే. 1995లో ఆంధ్రప్రదేశ్ సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించి, ఆదాయం తగ్గడం, దొంగసరుకు పెరగడం వంటి కారణాలతో 1997లో సడలించింది. జిల్లా ఒకవైపు నిషేధంలో ఉండి, పొరుగున అమ్మకాలు సాగుతుంటే ఆ నిషేధాన్ని కాపాడడం ఎంత కష్టమో సరిహద్దు గ్రామాలకు చెప్పనక్కరలేదు. ఊరివారు, ముఖ్యంగా స్త్రీలు, కాపలా ఉన్నచోట నిషేధం బ్రతుకుతుంది. కాపలా లేనిచోట అది ప్రభుత్వ ఉత్తర్వుగానే మిగిలిపోతుంది.

ఇక గడ్చిరోలి అడవులలోని ఒక ఆచారాన్ని చూస్తే ఈ సమస్య ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. మాడియా గోండుల పల్లెలలో స్త్రీలు నెలసరి రోజులలో ఇల్లు విడిచి, ఊరి చివర ఉన్న 'కుర్మాఘర్' అనే గుడిసెలో ఉండాలి. వంటింట్లోకి గాని, ఊరి బావి దగ్గరకు గాని రాకూడదు. ఆ గుడిసెలు చాలావరకు చిన్నవి, కారేవి, తలుపు కూడా సరిగా లేనివి. వానకాలంలో చలి, పాములు, జ్వరాలు. నియమం తప్పితే ఊరికి అరిష్టమనే భయం, తప్పినవారికి జరిమానా. 2015లో జాతీయ మానవ హక్కుల సంఘం దీనిని స్త్రీల ఆరోగ్యానికి, గౌరవానికి భంగకరమైనదిగా పేర్కొని, నిర్మూలించమని మహారాష్ట్ర ప్రభుత్వాన్ని కోరింది.

దీనిని విని అడవిలోని వారిని తక్కువగా చూడడం న్యాయం కాదు. మూడు రోజులు దూరంగా కూర్చోబెట్టే ఆచారం తెలుగువారి ఇళ్ళలోను ఉండేది. నేటికీ కొన్ని ఇళ్ళలో ఉన్నది. అంతేకాదు, వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి గోండులలో పూర్వంనుంచీ అభ్యంతరం లేదు. ఏ హక్కు కోసం వీరేశలింగంగారు వెలికి గురయ్యారో ఆ హక్కు గోండు స్త్రీకి ఏ చట్టమూ లేకుండానే ఉన్నది. కట్నం పీడ మైదానాలలో ఎక్కువ. కాబట్టి ఒక జాతి అంతా సంస్కారవంతమైనదని, ఇంకొక జాతి అంతా వెనుకబడినదని అనరాదు. ప్రతి సంఘంలోను దిద్దుకోవలసినదీ ఉన్నది, నేర్పదగినదీ ఉన్నది.

కుర్మాఘర్ విషయంలో సేవాసంస్థల మధ్యనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పాత గుడిసెల స్థానంలో మంచాలు, స్నానపుగది, నీరు, దీపం ఉన్న పక్కా ఇళ్ళు కట్టించాలని కొందరు పూనుకొన్నారు. 2021 నాటికి అటువంటివి కొన్ని వచ్చాయి. ఇల్లు బాగుచేయడమంటే ఆచారానికి పునాది వేయడమేనని మరికొందరి విమర్శ. విమర్శ కొట్టివేయదగినది కాదు. కాని రేపు రాబోయే సంస్కరణ పేరుతో ఈ రాత్రి వానలో తడిసే స్త్రీని మరచిపోవడం కూడా తగదు. నేపాల్ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. అక్కడి 'ఛౌపది' ఆచారాన్ని 2005లో సుప్రీంకోర్టు నిషేధించింది. 2017లో చేసిన చట్టం, స్త్రీలను ఇలా వెలివేసేవారికి మూడు నెలల జైలు లేదా మూడు వేల రూపాయల జరిమానా విధించింది. అధికారులు గుడిసెలను కూలగొట్టించారు. నమ్మకం మారని చోట్ల స్త్రీలు అంతకంటె అధ్వానమైన చోట్ల తలదాచుకోవలసి వచ్చింది. గుడిసె కూలింది గాని భయం కూలలేదు.

అయితే ప్రభుత్వం ఏమి చేయాలి? ముందు ప్రాణం కాపాడాలి: కారని కప్పు, గట్టి తలుపు, నీరు, దగ్గరలో వైద్యం. ఆ తరువాత, ఇంట్లోనే ఉండదలచిన స్త్రీకి ఎవరూ జరిమానా వేయకుండా అండగా ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం, ఈ మాట గ్రామసభలో స్త్రీల నోటనే రావాలి. 1996 నాటి చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు ప్రత్యేక అధికారాలు ఇచ్చింది. గడ్చిరోలి జిల్లాలోనే మేంఢా–లేఖా గ్రామం అందరి అంగీకారంతో నిర్ణయాలు చేసే గ్రామసభకు పేరు పొందింది. 2009లో సామూహిక అటవీ హక్కులు సాధించింది. అడవిని ఏలుకోగలిగిన గ్రామసభకు ఒక ఆచారాన్ని మార్చుకోవడం చేతకాని పని కాదు. కావలసిందల్లా ఆ సభలో స్త్రీ మాటకు మగవాని మాటతో సమానమైన విలువ.

ఈ ఉదాహరణలన్నిటిలోను ఒక్క సూత్రం కనిపిస్తుంది. దురాచారానికి అసలు బలం నమ్మకం కాదు, వెలి భయం. నమ్మకం సడలినవారు కూడా నలుగురికి భయపడి ఆచారం పాటిస్తారు. ఆ భయాన్ని తొలగించడమే ప్రభుత్వం చేయగల అతి పెద్ద సహాయం. ఈ విషయంలో మహారాష్ట్ర ముందడుగు వేసింది. వెలివేయడాన్ని నిషేధిస్తూ బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన చట్టాన్ని 1962లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. తరువాత 2016లో మహారాష్ట్ర శాసనసభ సాంఘిక బహిష్కారాన్ని నేరంగా ప్రకటించే కొత్త చట్టం ఆమోదించింది. 2017నుంచి అది అమలులో ఉన్నది. కులపంచాయితీ పేరుతో ఒక కుటుంబాన్ని వెలివేసినవారికి మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఫలానా ఆచారాన్ని మానండి అని ఈ చట్టం ఎవరికీ చెప్పదు. ఆచారాన్ని కాదన్నవాని జోలికి పోవద్దని చెబుతుంది. ఆచారాన్ని నిషేధించే పది చట్టాలకంటె, కాదన్న మనిషిని కాపాడే ఇటువంటి ఒక్క చట్టం ఎక్కువ మేలు చేయగలదు.

ప్రభుత్వానికి హద్దులు కూడా ఉండాలి. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, కుటుంబ నియంత్రణ పేరుతో జరిగిన బలవంతపు శస్త్రచికిత్సలు జనాన్ని హడలగొట్టాయి. మంచి ఉద్దేశానికే చెడ్డపేరు వచ్చింది. మంచిని కూడా మెడపట్టి చేయించరాదని ఆ అనుభవం నేర్పింది.

ఒప్పించాలంటే ప్రభుత్వం ప్రజల భాషలో మాట్లాడాలి. సిరొంచలో కచేరీ భాష మరాఠీ, ఎన్నో ఇళ్ళ భాష తెలుగు, అడవి పల్లెల భాష మాడియా. ఇక్కడ ఒకే భాషలో అంటించిన ప్రకటన గోడకు అలంకారమే అవుతుంది. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, ఉపాధ్యాయుడు ఇంటి భాషలో చెప్పిన మాట వంద ప్రకటనల పెట్టు. చట్టాన్ని తెలుగులో చదవగలిగిన బాలిక తన ఇంటివారికి దానిని వివరించగలదు. కోర్టు గుమాస్తా అవసరం ఉండదు.

కాబట్టి ప్రభుత్వమా, ప్రజలా అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. నోరు లేనివారి తరఫున 'వద్దు' అనడం, 'వద్దు' అన్నవారికి కీడు రాకుండా కాపాడడం, బడి, వైద్యం, రహదారి అందించడం ప్రభుత్వ బాధ్యత. ఆ అండ చూసుకొని మొదటి అడుగు వేయడం ప్రజల బాధ్యత. ఈ రెండింటి కలయికకు పెద్ద కార్యాలయాలే అక్కరలేదు. ఒక బాల్యవివాహాన్ని ఆపవలసి వచ్చినప్పుడు అధికారి ముందుగా అడిగేది పిల్ల పుట్టిన తేదీ. ఆ తేదీ ఊరి బడి రిజిస్టరులో ఉంటుంది. రిజిస్టరు ఉంచినది ప్రభుత్వం. అందులో ఆ పిల్ల పేరు రాయించి, ప్రతి ఉదయం ఆమెను బడికి పంపవలసినది ఇల్లు.